పదిహేడో నంబరు కామంచి

"మళ్లా ఇరవైనాలుగే," అంది కల్పలత.

మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండానే అంది. ఎవరితో అంటోందో ఆమెకే తెలియదు. భర్త రాజేందర్ ఉప్మా ప్లేటు చేత్తో పట్టుకుని నిలబడి తింటున్నాడు. భోజనాల బల్ల మీద ప్లేటు పెట్టుకునే భాగ్యం ఆ ఇంట్లో ఎవరికీ దక్కక ఇరవై రోజులవుతోంది. బల్ల నిండా గాజు పలకలు, చిన్న చిన్న సీసాలు, నీళ్ల గ్లాసుల్లో తెల్లగా వేళ్లు దిగిన కామంచి కొమ్మలు. వాటికి వాడే మందుల పులుపు వాసన ఇల్లంతా పట్టుకుంది. పప్పులో కూడా అదే వాసన వస్తోందని అత్త విమలమ్మ మొదటి వారం అంది. రెండో వారం అనడం మానేసింది.

"ఇది ఎన్నోది?" అన్నాడు మామ భద్రయ్య పేపరు మడిచి ఒళ్లో పెట్టుకుంటూ.

"నలభై రెండోది మామయ్యా."

"నలభై రెండు పీసులల్ల ఒక్కటి సుత ముప్పయ్యారు రాలే?"

"రాలే."

రాజేందర్ చేతిలో చెంచా ఆగింది. తర్వాత మళ్లీ కదిలింది.

కల్పలత ముందున్న తెల్ల కాగితం మీద పెన్సిలు చుక్కలున్నాయి. కంటికి కనబడిన ఒక్కో క్రోమోజోముకు ఒక్కో చుక్క. పైనుంచి ఎంచింది, కిందినుంచి ఎంచింది. భద్రయ్య కళ్లజోడు సవరించుకుని వచ్చి, వేలు పెట్టి తనూ ఎంచాడు. ఎవరు ఎంచినా ఇరవైనాలుగే. గాజు పలక కింద వేరు ముక్కను నొక్కి నొక్కి ఆమె కుడి బొటనవేలు రంగు పట్టి మెరూన్‌గా మారింది. ఆ వేలితోనే కళ్లు తుడుచుకుంది.

ఎనిమిదేళ్ల పీహెచ్‌డీ చదువు ఆ ముప్పయ్యారు మీద నిలబడి ఉంది మరి. గోడల పక్కన, కాలువ గట్ల మీద ఎవరూ నాటకుండా మొలిచే కామంచి చెట్లు పైకి అన్నీ ఒకలాగే కనిపిస్తాయి. లోపలి లెక్క వేరు. కొన్నింటి కణంలో క్రోమోజోములు ఇరవైనాలుగు, కొన్నింటిలో నలభై ఎనిమిది, కొన్నింటిలో డెబ్భై రెండు. మూడేళ్ల కిందట బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ వెనక గోడ వారన, ఇరవైనాలుగు రకమూ నలభై ఎనిమిది రకమూ పక్కపక్కనే పెరుగుతున్న చోట, కల్పలతకు ఒక మొక్క దొరికింది. లెక్క తీస్తే ముప్పయ్యారు వచ్చింది. ఆ రెండు రకాలకూ పుట్టిన సంకరం అది. కొమ్మ నిండా పూసేది, పూసినవన్నీ రాలిపోయేవి. పన్నెండేసి చొప్పున మూడు వరసలున్న క్రోమోజోములకు జత కుదరదు, జత కుదరనిదే గింజ పట్టదు. అటువంటి చెట్టుకు కాయ లేకపోవడమే గుర్తు.

దాన్ని తెచ్చి ఏ.ఎస్. రావు నగర్ ఇంటి మేడ మీద పదిహేడో నంబరు కుండీలో పెట్టుకుంది. దాని మీద ఒక అధ్యాయం రాసింది, పత్రికలో వ్యాసం వేసింది. ఈ లోపల మార్కెట్ వెనకంతా సిమెంటు పోశారు. లాబ్‌లో నాటిన రెండు కొమ్మలూ మొన్న వేసవి సెలవుల్లో నీళ్లు పోసే దిక్కులేక ఎండిపోయాయి. మిగిలింది మేడ మీది కుండీ ఒక్కటే.

థీసిస్ చదివిన పరీక్షకుడు ఏ రాష్ట్రం ఆయనో గాని కొరకరాని కొయ్య. ఫోటోలో క్రోమోజోములు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, నేను నమ్మను, అదే మొక్క నుంచి మళ్లీ లెక్క తీసి చూపించండి అని రాశాడు. ఆ కాగితం వచ్చేనాటికి కల్పలత కాలేజీ మెట్ల మీద జారి, కాలికి పిండికట్టుతో మంచంలో ఉంది. మేడకు పోయేవి ఇంటి బయటి ఇనుప మెట్లు. అందుకని కొమ్మలు తెంపి తెచ్చింది రాజేందరే. గైడు ప్రేమమణి మేడం లాబ్‌లోని పాత మైక్రోస్కోపును ఆటోలో ఇంటికి పంపింది. కట్టు మొన్న విప్పారు. మెట్లు మాత్రం ఇంకో వారం ఎక్కొద్దన్నాడు డాక్టరు.

ఫోను మోగింది. మేడమే.

"ఏమైందమ్మా?"

"ఇరవైనాలుగే మేడం."

ప్రేమమణి అరిచే మనిషి కాదు. అరిస్తే బాగుండునని కల్పలత ఈ ఇరవై రోజుల్లో చాలాసార్లు అనుకుంది.

"చూడు కల్పలతా. నీ లెక్కను నేను నమ్మిన. ఆ పేపర్ మీద నా పేరు కూడా ఉంది. సోమవారం పొద్దున నేను యూనివర్సిటీకి జవాబు ఇవ్వాలి. లెక్క ఉంటే లెక్క పంపు. లేకుంటే అప్పుడు పొరపాటు పడ్డానని ఒక ఉత్తరం పంపు."

"ఉత్తరం ఇస్తే ఏమైతది మేడం?"

"ఆ అధ్యాయం పోతది. పేపర్ వాపస్ తీసుకోవాలి. మిగిలినదానికి డిగ్రీ ఇస్తరా అంటే, నేను హామీ ఇవ్వలేను. కానీ ఏదీ ఇవ్వకుంటే ఈ నెలాఖరుకు నీ రిజిస్ట్రేషనే అయిపోతది. రెండుసార్లు పొడిగించిన్రు. మూడోసారి అడిగే మొహం నాకు లేదు."

"నేను తప్పు ఎంచలే మేడం."

"నేనేం అంటలేను. ఈ రోజు పంపితే, ఆదివారం లోపల నేను నలుగురితోని మాట్లాడుకుంట."

ఫోను పెట్టేశాక కల్పలత అలాగే కూచుంది. రాజేందర్ ప్లేటు సింకులో వేసి, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర రైల్వే ఆఫీసులో ఉద్యోగం అతడిది. తొమ్మిదికి బయలుదేరాలి.

"రాసెయ్," అన్నాడు.

"ఏం రాయాలె?"

"ఆమె చెప్పిందే. పొరపాటు అయ్యిందని. ఒక్క పేజీ కాగితం. రాస్తే ఈ తక్లీఫ్ అంతా అయిపోతది."

"పొరపాటు కాకపోతే?"

"మరి నలభై రెండుసార్లు ఎట్ల వస్తది ఇరవైనాలుగు? చెట్టు అదే గదా."

"అదే నాకు సమజ్ కాట్లే. మూడేండ్ల కింద రెండు కణాలల్ల ఎంచిన. మేడం చూసింది, లాబ్ల అందరు చూసిన్రు. ముప్పయ్యారే ఉండె. ఒక చెట్టు లెక్క ఊకనే ఎట్ల మారుతది?"

"మనిషి అన్నంక ఒక పొరపాటు అయితది కల్పా. దాన్ని పట్టుకోని వేళ్లాడితే ఎట్ల?"

భద్రయ్య పేపరు పక్కన పెట్టాడు. ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్లు తయారైన సరుకును పరీక్షించే పని చేసి రిటైరైన మనిషి. కొడుకు కోడలు పోట్లాడుకుంటుంటే మామూలుగా ఆయన వరండాలోకి జారుకుంటాడు. ఇవాళ జారుకోలేదు.

"మా ఫ్యాక్టరీల సుత గిట్లనే అయితుండె," అన్నాడు. "మీటర్ మంచిగనే ఉంటుండె, చూసేటోడు మంచిగనే చూస్తుండె. రీడింగ్ మాత్రం రాకపోతుండె. అప్పుడు మా ఇన్‌చార్జి ఏమంటుండె అంటే, ముందుగాల పీసు చూడుండ్రి, పొద్దున పెట్టిన పీసు అదేనా..."

"నాన్నా, నువ్వు జెర ఊకో."

రాజేందర్ తండ్రితో ఎప్పుడూ అలా మాట్లాడడు. భద్రయ్య ఆశ్చర్యపోయి కొడుకు వైపు చూశాడు. కాసేపటికి కళ్లజోడు తీసి, లుంగీ అంచుతో తుడవడం మొదలుపెట్టాడు.

"ఆయన మీద ఎందుకు అరుస్తున్నవ్?" అంది కల్పలత.

"అరుస్తలే. పొద్దుగాల లేస్తే ఇదే లొల్లి. ఇల్లు ఇల్లు లెక్క లేదు. తొమ్మిదేండ్లాయె పెండ్లయి. అందుల ఎనిమిదేండ్లు గీ పిచ్చి చెట్లతోనే గడిచిపాయె. డాక్టర్ దగ్గరికి పోదాం అంటే థీసిస్ కానీ అంటవ్. థీసిస్ ఎప్పుడు అంటే లెక్క కానీ అంటవ్. ఇంకెన్నడు?"

ఆ మాట వచ్చేసరికి కల్పలత నోరు మూతపడింది. పిల్లల సంగతి ఎత్తినప్పుడల్లా అంతే. ఆ మాటకు ఎదురు మాట్లాడితే ఏదో నేరం ఒప్పుకున్నట్టు అవుతుందని ఆమె భయం. మాట్లాడకపోయినా అంతే అవుతుందని తెలుసు.

కాగితం లాక్కుంది. ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాసింది. పదిహేడో నంబరు మొక్క విషయంలో తాను మొదట తీసిన లెక్క పొరపాటనీ, మళ్లీ చూస్తే ఇరవైనాలుగు వచ్చిందనీ, ఆ ముప్పయ్యారును వెనక్కి తీసుకుంటున్నాననీ. రాస్తున్నంతసేపూ రాజేందర్ పక్కనే నిలబడ్డాడు. సంతకం దగ్గర ఆమె చెయ్యి ఆగింది.

"పెట్టు," అన్నాడు మెల్లగా. ఆ గొంతులో కోపం లేదు. బతిమాలుతున్నట్టుంది.

పెట్టింది.

అతడు కాగితాన్ని ఫైల్లో జాగ్రత్తగా పెట్టుకున్నాడు. ఆఫీసులో స్కాన్ చేసి మేడం మెయిల్‌కు పంపుతానన్నాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఏదో చెప్పబోయినట్టు అనిపించింది. "సాయంత్రం జల్దీ వస్త," అని మాత్రం చెప్పి వెళ్లిపోయాడు.

బండి చప్పుడు వీధి మలుపు దాటింది. ఇంట్లో గోడ గడియారం చప్పుడు వినిపించడం మొదలైంది. విమలమ్మ పొద్దున్నే ఉప్మా చేసిపెట్టి గుడికి వెళ్లింది. ఈ గొడవంతా ఆమె లేనప్పుడు జరగడమే మేలైందని కల్పలత అనుకుంది. కట్టు వేసుకున్న నాటి నుంచీ విమలమ్మ ఎందుకో ముభావంగా ఉంటోంది. వేళకు అన్నం పెడుతుంది, కాలికి కాపడం పెడుతుంది. మాట మాత్రం ముక్తసరి. తన సీసాలూ వాసనలూ చూసి విసిగిపోయి ఉంటుందని కల్పలత లోలోపల నొచ్చుకుంటూ వచ్చింది.

గ్లాసుల్లోని కొమ్మలన్నీ తీసి చెత్తబుట్టలో పడేసింది. స్లైడ్లు కూడా పడేయబోతుంటే భద్రయ్య అడ్డం వచ్చాడు.

"గవి ఉండనీ బిడ్డా."

"ఎందుకు మామయ్యా? సంతకం పెట్టిన గదా."

"వాడు చెప్పనియ్యలే గని, నేను అనేది ఒక్కటే. మీటర్ మంచిదేనా?"

"మంచిదే."

"పాత లెక్క ఎంచింది నువ్వే, కొత్త లెక్క ఎంచింది నువ్వే. చూసేటోళ్లు సుత మారలే. ఇగ మారెతందుకు ఏమున్నది? పీసే గదా. నువ్వు పైకి పోయి ఆ చెట్టును చూసి ఎన్ని దినాలాయె?"

కల్పలత లెక్క వేసుకుంది. కాలు విరిగింది శ్రావణంలో. నెలన్నర దాటింది. ఈ నెలన్నరలో కొమ్మ చూసింది, వేరు చూసింది, వేరు కొసలోని కణం చూసింది. చెట్టును చూడలేదు. తన మీద తనకే చిరాకు వేసింది. కంటికి ఆననిదాన్ని నలభై రెండుసార్లు చూసిన మనిషి, మేడ మీద కుండీలో ఉన్నదాన్ని ఒక్కసారి చూడాలనుకోలేదు.

"డాక్టర్ మెట్లెక్కొద్దన్నడు," అంటూనే లేచింది.

"నిమ్మళంగ పో. కడ్డీ పట్టుకో," అన్నాడు భద్రయ్య. ఆపలేదు.

ఇనుప మెట్లు ఎండకు అప్పుడే వేడెక్కుతున్నాయి. రెండు మెట్లు ఎక్కడం, కూచోవడం, మళ్లీ రెండు మెట్లు. పై మెట్టుకు చేరేసరికి కాలు చీలమండ దగ్గర సలపడం మొదలైంది. నీళ్ల ట్యాంకు చాటున కుండీలు వరసగా ఉన్నాయి. విమలమ్మ అప్పుడే గుడి నుంచి వచ్చినట్టుంది. నుదుట కుంకుమతో, చేతిలో స్టీలు గిన్నెతో, కుండీల మధ్య వంగి ఉంది.

"అయ్యో, నువ్వెందుకెక్కినవ్ బిడ్డా? ఎముక మళ్లా కదిలితే ఏం గాను?"

కల్పలత వినిపించుకోలేదు. గిన్నెలోకి చూస్తోంది. అందులో నల్లటి కామంచి పండ్లు నిగనిగలాడుతున్నాయి.

"ఇవి ఏ చెట్టువి అత్తమ్మా?"

"ఇగో, గీ చెట్టుయే. మస్తు కాసింది. రెండు తిను, చలువ."

విమలమ్మ చూపించిన కుండీకి రేకు బిళ్ల కట్టి ఉంది. మేకుతో గీకిన అంకె తన చేత్తో గీకిందే. పదిహేడు. కొమ్మ కొమ్మకూ గుత్తులు వేలాడుతున్నాయి. కొన్ని పచ్చివి, కొన్ని దోరవి, కొన్ని పండినవి.

కల్పలత ట్యాంకు గోడకు ఆనుకుంది.

"ఈ చెట్టు కాయదు గదా అత్తమ్మా."

విమలమ్మ నిటారుగా నిలబడి కోడలి మొహంలోకి చూసింది. ఆ చూపులో బెరుకు ఉంది.

"ఇది అది కాదు గదా బిడ్డా. అది నేను తీసేసిన్నని నీకు ఎరుకే గదా. రాజేందర్ చెప్పిండు గదా."

"ఏం చెప్పిండు?"

"చెప్పలేదా?"

విమలమ్మ గిన్నెను పిట్టగోడ మీద పెట్టింది. చీర కొంగుకు చేతులు తుడుచుకుంది, తుడుచుకున్న చేతుల్నే మళ్లీ తుడుచుకుంది.

"చెప్తనన్నడు. చెప్పిన, ఆమె ఏమనలే అన్నడు. నువ్వు ఆ మాట ఎత్తకు, ఆమె బాధపడతది అన్నడు. అందుకే నేను నెల రోజులసంది నోరు మూసుకోని ఉన్న. నువ్వు ఏమనకపోతే ఇంకా గుబులైంది నాకు. తిట్టినా మంచిగుండు అనుకున్న."

"ఎప్పుడు తీసేసిన్రు?"

"నీ కాలు ఇరిగిన వారానికే. శ్రావణ శుక్రారం నాడు."

"ఎందుకు?"

కింద వీధిలో కూరగాయల బండి మైకులో టమాటా ధర చెప్పుకుంటూ పోయింది. అది దూరమయ్యేదాకా విమలమ్మ ఆగింది.

"పేరంటానికి వచ్చినోళ్లు గాలికని పైకొచ్చిన్రు. చెట్లు చూసి ఇవేంది అన్నరు. నువ్వు నాకు చెప్పిందే నేను వాళ్లకు చెప్పిన. ఇది పూస్తది గని కాయదు, ఇసొంటిది యాడా లేదు, మా కోడలు కనిపెట్టింది అని. గొప్పగనే చెప్పిన బిడ్డా, దేవుని తోడు. వాళ్లు ఒకల మొకం ఒకలు చూసుకున్నరు."

"ఏమన్నరు?"

"ఇప్పుడెందుకు గదంత?"

"చెప్పండి అత్తమ్మా."

"కాయని చెట్టును నెత్తి మీద పెట్టుకోని పొద్దు మాపు నీళ్లు పోస్తుంటే ఇంట్ల ఇంకేం కాస్తది అన్నరు. నీ కోడలి సంగతి గిట్లెందుకైందో ఇప్పుడు సమజైందన్నరు."

విమలమ్మ పిట్టగోడ మీది గిన్నెను ఇంకాస్త లోపలికి జరిపింది.

"వాళ్లు పోయినంక నాకు నిద్ర పట్టలే. పిచ్చి మాటలే అనుకున్న. మళ్లా, నిజమైతేనో అనుకున్న. కామంచి చెట్టే గదా, యాడ చూసినా ఉంటది గదా, కాసేది ఒకటి పెడితే ఏమైతది అనుకున్న. పక్క ఖాళీ ప్లాట్ల నుంచి గుత్తులున్నది చూసి తెచ్చి కొత్త కుండీల పెట్టిన. పాతది చెత్త బండిల ఏసిన. నీ మంచికే చేసిన బిడ్డా. నాకు లెక్కల సంగతి ఏం ఎరుక?"

ఆ సంకరం చెట్టు పూలు రాలిపోతుంటే సంబరపడి, అత్తను చెయ్యి పట్టుకుని పైకి తీసుకొచ్చి చూపించింది తనే. ఇది కాయదు అత్తమ్మా, అదే దీని గొప్ప అని చెప్పింది తనే. చెబుతున్నప్పుడు ఆ మాట వినే మనిషి చెవికి ఎలా తగులుతుందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. కల్పలతకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఎదురుగా చేతులు నలుపుకుంటున్న విమలమ్మ మీద వచ్చింది, పేరంటానికి వచ్చిన ఆడవాళ్ల మీద వచ్చింది. ఆ వెనకే, తన లెక్క తప్పు కాదన్న సంగతి తట్టింది. ముప్పయ్యారు నిజమే. తాను సరిగ్గానే ఎంచింది. ఇరవై రోజులుగా తన కళ్లను తానే అనుమానించింది. ఆ సంతోషం గట్టిగా ఊపిరి తీసుకునేంతసేపు కూడా నిలవలేదు.

"ఈ బిళ్ల దీనికెట్ల వచ్చింది?" అంది రేకు ముక్కను పట్టుకుని.

"ఆ బిళ్ల నేను ముట్టలే. పాత కుండీతోని గా మూలకు పెట్టిన. సాయంత్రం వాడు వచ్చినంక చెప్తే మస్తు పరేషాన్ అయిండు. నేనే పోయి కల్పకు చెప్త అంటే వద్దన్నడు. కాలు నొప్పితోని ఉంది, నేనే మెల్లగ చెప్త అన్నడు. నన్ను కిందికి పొమ్మని ఇక్కడ శానసేపు ఉన్నడు."

పాత కుండీ ఇంకా ఆ మూలే ఉంది, ఖాళీగా, అంచుకు తీగ ముక్క ఒకటి వేలాడుతూ. బిళ్లను ఆ తీగ నుంచి విప్పి, ఈ కుండీకి కట్టి, ఆ తర్వాత కొమ్మ కావాలని అడిగితే ఈ చెట్టువే గుత్తులు తుంపేసి తెచ్చి చేతికిచ్చిన మనిషి, గంట కిందట పక్కన నిలబడి సంతకం పెట్టించుకుపోయాడు.

కల్పలత ఫోను తీసింది. మూడోసారికి ఎత్తాడు.

"ఆ ఉత్తరం పంపినవా?"

అవతల స్టేషన్ మైకు వినిపిస్తోంది. ఏదో బండి ఆలస్యంగా వస్తోందని మూడు భాషల్లో చెబుతున్నారు. మూడో భాష అయిపోయాక గాని రాజేందర్ గొంతు రాలేదు.

"అమ్మ చెప్పిందా?" అన్నాడు.

కల్పలత అడిగింది అది కాదు. కాని ఇంక అడగాల్సిన అవసరం లేకుండా పోయింది.

"కొమ్మలు నువ్వే తెచ్చిస్తివి," అంది.

"చెప్దామనే అనుకున్న కల్పా. కట్టు విప్పినంక చెప్దామనుకున్న. గంతల ఆ ఎగ్జామినర్ కాగితం వచ్చె. అప్పుడు చెప్తే అమ్మను ఏమనుకుంటవో అని..."

"ఇరవై రోజులు. నేను అక్కడ కూసోని కండ్లు పోయేటట్టు చూస్తుంటే, నువ్వు నిలబడి ఉప్మా తిన్నవ్."

"ఎట్లనన్న అయిపోతే బాగుండు అనుకున్న. ఇంక అయిపోతది, ఇద్దరం కలిసి డాక్టర్ దగ్గరికి పోతం, నువ్వు నాతోని మాట్లాడుతవ్ అనుకున్న. గంతే."

"ఉత్తరం పంపినవా?"

"పంపిన."

కల్పలత ఫోను పెట్టేసింది. కాలు సలుపుతుంటే అక్కడే గచ్చు మీద కూలబడింది. విమలమ్మ వచ్చి పక్కన కూచుంది. ముట్టుకోవాలో వద్దో తెలియనట్టు చెయ్యి చాపి మళ్లీ ఒళ్లో పెట్టుకుంది.

"ఏం ఉత్తరం బిడ్డా?"

"నా లెక్క తప్పని నేనే రాసిచ్చిన ఉత్తరం."

"తప్పు కాదు గదా మరి."

"కాదు."

"ఇప్పుడెట్ల?"

"ఇంకోటి రాయాలె. లెక్క తప్పు కాదు, చెట్టు మారింది అని. కాని నేనొక్కదాన్ని రాస్తే నమ్మరు. నిన్న తప్పంటివి, ఇవాళ చెట్టు మారిందంటున్నవా అని నవ్వుతరు. చెట్టు తీసేసిన మనిషి రాసియ్యాలె. ఏ రోజు తీసిన్రో, యాడికెల్లి తెచ్చి ఏది పెట్టిన్రో."

"రాసిస్త," అంది విమలమ్మ. "నాకేం భయం? సంతకం వస్తది నాకు. పెన్షన్ కాగితాల మీద మీ మామ పక్కన నేను సుత పెట్టిన. చేసింది చేసిన్నని చెప్పెతందుకు సిగ్గేమున్నది?"

కల్పలత ఆమె చెయ్యి పట్టుకుంది. ఈ ఇంటికి వచ్చిన తొమ్మిదేళ్లలో అలా పట్టుకోవడం ఎన్నోసారో వేళ్ల మీద చెప్పొచ్చు.

"అయితే ఒకటి బిడ్డా," అంది విమలమ్మ, కుండీల వైపు చూస్తూ. "ఎందుకు తీసేసిన్నో సుత రాయాలెనా?"

అడుగుతారు. అన్నిటికంటే ముందు అదే అడుగుతారు. మూడేళ్లు నీళ్లు పోసి పెంచిన చెట్టును ఉన్నట్టుండి ఎందుకు పీకావమ్మా అంటారు. దానికి జవాబు లేకపోతే మిగిలిందంతా కట్టుకథే అవుతుంది. జవాబు రాస్తే ఆ కాగితం మేడం చదువుతుంది, లాబ్‌లో పిల్లలు చదువుతారు, ఆఫీసు గుమాస్తా చదివి ఫైల్లో కుడతాడు.

"నా సంగతి పోనీ," అంది విమలమ్మ. "నన్ను మొద్దుది అనుకుంటరు, అనుకోనీ. అండ్ల ఉన్నది నా ముచ్చట కాదు గదా, నీ ముచ్చట."

చేతిలో ఫోను మోగింది. ప్రేమమణి మేడం.

"ఉత్తరం అందింది కల్పలతా," అంటోంది మేడం. గొంతులో చాలా రోజుల తర్వాత కొంచెం తేలిక వినిపిస్తోంది. "మంచి పని చేసినవ్. నేను సోమవారం దాకా ఆగను, ఇప్పుడే పైకి పంపిస్తున్న."

"ఆగండి మేడం."

"ఏమైంది?"

"పంపకండి."

"ఎందుకు?" అంది ప్రేమమణి.

ఆ ప్రశ్న విమలమ్మకు కూడా వినబడింది. కోడలి చేతిలోంచి చెయ్యి తీసుకోకుండా, ఏం చెబుతుందోనని ఆమె మొహంలోకే చూస్తోంది.